వలిసె చేలో సైకిల్

పోయిన వారం విశాఖపట్నం నుంచి సైకిళ్ళ మీద ఘాటీ ఎక్కి వచ్చిన నలుగురు పిల్లలు మా ఇంట్లో దిగారు. రోడ్డు పక్కన మాకు రెండు గదులున్నాయి. చలికాలంలో అరకు చూడ్డానికి వచ్చేవాళ్ళకి అద్దెకిస్తుంటాం. అంత ఎత్తు తొక్కుకుంటూ వచ్చినవాళ్ళు ముందు అన్నం అడుగుతారనుకున్నాను. వాళ్ళు పాత గుడ్డ అడిగారు.

"ఆంటీ, పారేసే టూత్‌బ్రష్ ఏదైనా ఉంటే అది కూడా ఇస్తారా?" అంది వాళ్ళలో ఉన్న ఒక్క ఆడపిల్ల.

ఆ అమ్మాయి సైకిల్ని పెరట్లో సిమెంటు గచ్చు మీద తలకిందులుగా నిలబెట్టింది. నడుముకి కట్టుకున్న చిన్న సంచిలోంచి సీసాలు, పానాలు తీసి పరుచుకుంది. బ్రష్షుతో చైను తోమింది, గుడ్డతో తుడిచింది. చంటిబిడ్డ చెవిలో మందు వేసినట్టు ఊపిరి బిగబట్టి ఒక్కో లింకు మీదా ఒక్కో చుక్క నూనె వేసింది. చివర్లో పెడలు పట్టుకుని వెనక్కి తిప్పింది. టకటకటకమంటూ ఫ్రీవీల్ చప్పుడు చేసింది. నేను అరుగు మీద కూర్చుని సామలు చెరుగుతున్నాను. చేట నా ఒళ్ళో అలాగే ఆగిపోయింది.

"మీకు సైకిల్ తొక్కడం వచ్చా ఆంటీ?"

"వచ్చేదమ్మా."

"ఎవరు నేర్పారు? అంకులా?"

"మా అమ్మ."

ఆ పిల్ల చేతులు తుడుచుకోవడం ఆపి నావైపు చూసింది. ఇంకేదో అడగబోతుంటే లోపల్నుంచి వాళ్ళవాళ్ళు వేడినీళ్ళు చల్లారిపోతున్నాయని కేకేశారు. వెళ్ళిపోయింది. పెరట్లో నూనె వాసన మాత్రం పొద్దుగూకేదాకా ఉంది.

మా ఊరు ఇప్పుడున్న రోడ్డుకి చాలా పైన ఉండేది. ఊరంటే పది పన్నెండు గడపలు. వర్షాకాలంలో మబ్బు ఇళ్ళలోకి వచ్చేది. పొయ్యి మీద అంబలి ఉడికే వాసన, తడిసిన మేకల వాసన, అటక మీద ఆరబెట్టిన పసుపుకొమ్ముల వాసన, అన్నీ ఆ మబ్బులో కలిసి తిరుగుతుండేవి. పక్కింటి మనిషి గడపలోకి వచ్చి దగ్గితే తప్ప వచ్చింది ఎవరో తెలిసేది కాదు.

ఆ ఊళ్ళోకి మొదటి సైకిల్ తెచ్చింది మా అయ్య. కాఫీ తోటలో పనిచేసే ఒకాయన మైదానానికి వెళ్ళిపోతూ అమ్మితే కొన్నాడు. అడ్డరాడ్డు ఉన్న పెద్ద నల్ల సైకిల్. దాన్ని తొక్కుకుంటూ రాలేదు, మా దారి అంత నిటారు. కొత్త కోడలికి చెయ్యందించినట్టు పక్కన నడిపించుకుంటూ వచ్చాడు. ఊరంతా చుట్టూ మూగింది. మా నాయనమ్మ నిప్పు లోపలికి పెట్టి చుట్ట తాగే మనిషి. ఆ చుట్ట తీసి పక్కన పెట్టి మరీ సైకిల్ని తడిమింది.

"ఒరే, ఇది గడ్డి తినదా?"

"తినదమ్మా."

"నీళ్ళూ?"

"నూనె తాగుతాది."

"ఓలమ్మో! మనకే నేదు, దీనికెక్కడ పోస్తావురా?" అని నాయనమ్మ నవ్వి, చక్రాలకి పసుపు రాసింది. నాకైతే గంటే లోకం. అయ్య చూడనప్పుడల్లా మోగించి పారిపోయేదాన్ని. కోళ్ళు బెదిరి చెట్లెక్కేవి.

ఆ వానాకాలంలోనే అయ్య పడ్డాడు. క్యారేజీ మీద పనసకాయలు కట్టుకుని సంతకి దిగుతుంటే రాతి మలుపు దగ్గర బ్రేకు పట్టలేదు. ఆ మలుపులో కొండదేవత రాయి ఉంటుంది. వెళ్ళేవాళ్ళు ఒక చెట్టుకొమ్మ విరిచి దాని ముందు వేసి వెళ్తారు. నడిచేవాడికి కొమ్మ వెయ్యడం తేలిక, సైకిల్ మీద జారిపోయేవాడు ఎక్కడ ఆగుతాడు? అయ్యని మోసుకొచ్చేసరికి చీలమండ బూరెలా ఉంది. వైద్యుడు వెదురు బద్దలు కట్టి ఆకుపసరు పోశాడు. అయ్య లేచి నడిచేసరికి పంటలు మోకాలెత్తు వచ్చాయి. కుంటు మాత్రం మిగిలిపోయింది.

దేవత ఆగ్రహమని నాయనమ్మ కోడిని కోసింది. అయ్య సైకిల్ని పశువుల పాక వెనక్కి ఈడ్చి, మీద తాటాకు చాప కప్పి, "దాన్నెవులూ ముట్టొద్దు" అన్నాడు. ఇంట్లో దాని మాటెత్తితే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. పండిన పనసపండు వాసనొచ్చినా అతని మొహం మారిపోయేది. కొన్నాళ్ళకి ఒక పెట్ట ఆ చాప కింద దూరి సీటు మీద పడుకోవడం మొదలుపెట్టింది.

నేనప్పుడు ఊళ్ళో లేను. కింద టౌన్లో హైస్కూలు, దాన్ని ఆనుకుని ఆడపిల్లల హాస్టలు ఉండేవి. అయిదో తరగతి అయ్యాక నన్ను అక్కడ వేశారు. పొద్దుటి పూట బాగానే ఉండేది. లెక్కలంటే నాకిష్టం. తెలుగు టీచరు పద్యం చదువుతుంటే నోరు తెరుచుకుని వినేదాన్ని. సాయంకాలం దీపాలు పెట్టేసరికి ఇంటి మీద బెంగ మొదలయ్యేది. మా కొండ భాష మాట్లాడేవాళ్ళు ఆ గదిలో ఒక్కరూ లేరు. ఇనపపెట్టె మీద తలపెట్టి, ఇంటి దగ్గర ఇప్పుడు అమ్మ ఏ పని చేస్తుంటుందో ఒక్కొక్కటీ అనుకుంటూ పడుకునేదాన్ని. ఆ తర్వాత చలిజ్వరం పట్టుకుంది. తగ్గడం, మళ్ళీ రావడం. ఒకసారి ఒళ్ళు కాలిపోతుంటే కబురు పంపారు. అయ్య కుంటుకుంటూ వచ్చి నన్ను వీపున కట్టుకుని కొండెక్కాడు.

"సాలు. ఇంక ఎల్లక్కర్నేదు. బతికుంటే అదే పదేలు" అంది నాయనమ్మ. అయ్య తల ఊపాడు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ ఒక మాట మీదుంటే అది తీర్పే.

మా అమ్మ మాటలు తక్కువ మనిషి. ఎప్పుడూ నెత్తి మీద ఏదో ఒకటి ఉండేది, నీళ్ళో, కట్టెలో, విస్తళ్ళు కుట్టే అడ్డాకుల మోపో. బరువు మోసేవాళ్ళు ఎక్కువ మాట్లాడలేరు కదా. రెండు రోజులు పోయాక నాకు గంజి తాగిస్తూ మెల్లగా అడిగింది.

"ఒలే, నీకు సదువు ఇష్టమేనా? నిజం సెప్పు."

"ఇష్టమే అమ్మా. అక్కడ పడుకోడమే ఇష్టం నేదు."

"రోజూ ఇంటికొచ్చేత్తే?"

"నడవలేనమ్మా." నిజంగానే నడవలేను. జ్వరానికి కాళ్ళు పుల్లలైపోయాయి. పెరటి దాకా వెళ్తేనే ఆయాసం.

అమ్మ గిన్నె తీసుకుని లేచింది. కాసేపటికి పశువుల పాక వెనక పెట్ట గోలగోలగా అరవడం వినబడింది.

వారం రోజులు మా పెరడు కమ్మరి కొలిమిలా ఉంది. అమ్మ బూడిద, చింతపండు కలిపి పీచుతో తుప్పు తోమింది. ఇత్తడి బిందెలు తోమే చేతులవి, ఇనుము కూడా లొంగింది. చైను బిగుసుకుపోయి ఉంటే ఇంట్లో ఉన్న నూనె పోసింది. మా ఇంట్లో ఉండేది వలిసె నూనె, మా కొండ చేలల్లో పండే నల్లటి గింజలది. మొదటి రోజు చైను గిర్రున తిరిగింది. అమ్మ నావైపు చూసి కళ్ళెగరేసింది. మూడు రోజులకి ఆ నూనె జిగురులా ముదిరి, దుమ్మంతా అంటుకుని, చైను నల్లటి జీడిపాకంలా అయింది. దాని మీద చీమలు కూడా బారులు కట్టాయి. నాకు నవ్వాగలేదు. అమ్మ నా చెవి మెలేసి తనూ నవ్వింది.

ఆ సంతకి అమ్మ నన్ను కూడా తీసుకెళ్ళింది. అడ్డాకులు కిందికి తీసుకెళ్ళే లారీలో మమ్మల్ని ఎక్కించుకున్నారు. సంతలో అమ్మ ఉప్పు కొనలేదు, ఎండుచేపలు చూడలేదు. తిన్నగా వెళ్ళి సైకిల్ షాపు ఎదురుగా మట్టిగట్టు మీద కూర్చుంది. ఆ షాపు షావుకారు విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. లావుగా, చెమటతో, ఎప్పుడూ ఎవరినో ఒకరిని తిడుతూ ఉండేవాడు. పొద్దుట్నుంచి అమ్మ అతని చేతులకేసే చూస్తోంది. చివరికి అతనికి విసుగొచ్చింది.

"ఏటమ్మా, అలాగ గుడ్లప్పగించి సూత్తన్నావు? ఏటి కావాల నీకు?"

"ఏటీ వద్దు బాబూ. సూడనీ."

"సూడ్డానికి ఇదేటి, సినిమా హాలా?"

"మా సైకిలుంది. నాను బాగుసేసుకోవాల."

"మీ ఆయన్ని పంపు."

"ఆయన ముట్టడు."

షావుకారు పానా కింద పెట్టాడు. అమ్మ తక్కువ మాటల్లోనే చెప్పింది: పడిన సంగతి, నా జ్వరం, వలిసె నూనె పోసిన సంగతి. నూనె సంగతి విని అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. "వలిసె నూనె! పోపు పెట్టుకోడానికా? ముందు కిరసనాయిలుతో కడిగి, ఆరినాక మిషను నూనె చుక్కలుగా వెయ్యాల. ఏసినాక పైన గుడ్డతో తుడిసెయ్యాల. నూనె లోపలుండాల గానీ పైన కాదు" అన్నాడు. అమ్మ ఆ చివరి మాట పెదాలతో మళ్ళీ అనుకోవడం నేను చూశాను.

ఆ మధ్యాహ్నమంతా అతను అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని పంచరు వెయ్యడం నేర్పాడు. ట్యూబుని నీళ్ళ తొట్లో ముంచితే బుడగలు వస్తాయి. వచ్చినచోట వేలు పెట్టి గుర్తు పెట్టుకోవాలి. ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా ఓపిక పట్టాలి. ఆ సొల్యూషన్ వాసన ఎంత బాగుండేదో! నేను డబ్బా మూతికి ముక్కు ఆనించి తిట్లు తిన్నాను. బుడగలన్నీ వేలితో పగలగొట్టి మళ్ళీ తిట్లు తిన్నాను. తిరిగి వెళ్ళేటప్పుడు అతను పాత పానా ఒకటి, కొత్త బ్రేకు రబ్బర్లు అమ్మ చేతిలో పెట్టాడు. మరుసటి సంతకి అమ్మ అతనికి తేనె సీసా ఇచ్చింది. "కొండ తేనేనా, బెల్లం పాకమా?" అని వేలుతో నాకి చూస్తూ, అప్పుడు కూడా ఎవరినో తిడుతూనే ఉన్నాడు.

పడినప్పుడు వంగిన చక్రం మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. తిప్పితే పాములా మెలికలు పోతూ ఫోర్కుకి రాసుకునేది. అమ్మ దాన్ని విప్పి రెండు రాళ్ళ మధ్య పెట్టి కాలితో తొక్కింది. స్పోకు పుల్లలు ఒకవైపు బిగించి, ఒకవైపు వదులు చేసి, తిప్పి చూసి, మళ్ళీ బిగించింది. పూర్తిగా సాఫు కాలేదు. చివరిదాకా ఆ చక్రం కొంచెం తల ఊపుకుంటూనే తిరిగింది.

అయ్య పొలం నుంచి వచ్చి వారమంతా ఇవన్నీ చూసి లోపలికి వెళ్ళిపోయేవాడు. చక్రం ఎక్కించిన రోజున ఆగాడు.

"మల్లీ ఆ సావుని గుమ్మంలోకి తెత్తన్నావా?"

"నువ్వు తొక్కొద్దు. నాను తొక్కుతాను" అంది అమ్మ, నట్టు బిగిస్తూనే.

అయ్య అవతలి గట్టుదాకా వెళ్ళి, అక్కడ చాలాసేపు నిలబడ్డాడు.

అప్పటికి వలిసెలు పూశాయి. మా ఊరి కింద వాలంతా పసుపే. చేల నడుమ ఒక చదునైన బండిబాట ఉండేది, అక్కడే అమ్మ నేర్చుకుంది. మా ఆడవాళ్ళు చీర మోకాళ్ళదాకానే కడతారు కాబట్టి కొంత సులువు. అడ్డరాడ్డు మీంచి కాలు వెయ్యలేక కిందనుంచి దూర్చి, ఒంటి పక్కగా ఒరిగి, సగం సగం తొక్కేది. పడేది. పడ్డప్పుడు వలిసె చేలో పడేది. లేచేసరికి జుట్టునిండా, రైకనిండా పసుపు రేకులు. నేను వెనక పట్టుకుని పరిగెత్తాలనుకునేదాన్ని గానీ నాలుగడుగులకే కూలబడిపోయేదాన్ని. అందుకని గట్టు మీద దుప్పటి కప్పుకుని కూర్చునేదాన్ని. రెండో రోజుకి నాయనమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది. తిట్టడానికే వచ్చింది. చుట్ట నోట్లో అడ్డం ఉండటం వల్ల తిట్లు సరిగా రాలేదు.

ఒక పొద్దున్న మబ్బు దట్టంగా దిగింది. చేలు కనబడటం లేదు, పసుపు రంగు మాత్రం ఎక్కడో లోపల వెలుగుతున్నట్టుంది. అమ్మ సైకిలెక్కి ఆ మబ్బులోకి వెళ్ళిపోయింది. పడిన చప్పుడు కోసం చెవులు రిక్కించాం. రాలేదు. చాలాసేపటికి ఎక్కడో దూరంగా గంట మోగింది. తర్వాత ఇంకోవైపు నుంచి. తర్వాత మరీ దూరంగా, కొండ అవతలి నుంచేమో అన్నట్టు.

"ఒలే, మీ అమ్మ ఎటెల్లిపోనాదే?" అంది నాయనమ్మ, గొంతు తగ్గించి.

నాకూ తెలీదు. మళ్ళీ వస్తుందో రాదో అనిపించింది. భయం వెయ్యలేదు, అదే విచిత్రం. అంతలో మబ్బు చీల్చుకుని అమ్మ వచ్చింది. ఎత్తుగా ఉంది. సీటు మీద కూర్చుని ఉంది! ఎప్పుడెక్కిందో, ఎలా ఎక్కిందో. మమ్మల్ని చూసింది గానీ ఆగలేదు. ఆపడం ఇంకా రాదు. గంట మోగించుకుంటూ మా ముందునుంచి మళ్ళీ మబ్బులోకి వెళ్ళిపోయింది. నాయనమ్మ చుట్ట తీసి చేత్తో పట్టుకుని, నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది.

అమ్మ వెళ్ళి అడిగితే, నేను హాస్టల్లో ఉండక్కర్లేదు, ప్రార్థన గంటకి వస్తే చాలంది బడి హెడ్మిస్ట్రెస్. బడి దగ్గర కాఫీ నర్సరీలో సంచుల్లో మట్టి నింపే పని అమ్మకి దొరికింది. ఇక మిగిలింది దారే.

మొదటి రోజు తెల్లవారకముందే అయ్య ఇంట్లో లేడు. ఎక్కడికెళ్ళాడని నాయనమ్మని అడిగితే పెదవి విరిచింది. అమ్మ నన్ను క్యారేజీ మీద కూర్చోబెట్టింది. నిటారు దారి నడిపించుకుంటూ దిగి, రోడ్డెక్కాక నేను పడిపోకుండా పాత చీరతో తన నడుముకి కట్టుకుని తొక్కడం మొదలుపెట్టింది. మంచుకి రోడ్డు తడిసి ఉంది. రిమ్ములు తడిసి ఉన్నాయి. తడిసిన రిమ్ము మీద కొత్త రబ్బరు కూడా జారుతుందని మాకు అప్పటికి తెలీదు.

రాతి మలుపు దగ్గరికొచ్చేసరికి వేగం పెరిగింది. అమ్మ రెండు బ్రేకులూ నొక్కింది. కీచుమంది గానీ ఆగలేదు. అమ్మ వీపు బిగుసుకోవడం నా చెంపకి తెలుస్తోంది. "గట్టిగా పట్టుకో" అంది. ఆ గొంతు మా అమ్మది కాదనిపించింది. కాళ్ళు కిందికి జార్చి రోడ్డు మీద ఈడ్చింది. కుడిపక్కన లోయ, అంతా తెల్లటి మబ్బు.

అప్పుడు పొదలోంచి ఎవరో అరిచారు. అడుగుల చప్పుడు, ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా. ఆ నడక ఎవరిదో నాకు తెలుసు. వెనకనుంచి రెండు చేతులు క్యారేజీని పట్టుకున్నాయి. సైకిల్ అయ్యని కొంతదూరం ఈడ్చుకెళ్ళింది. అయ్య వదల్లేదు. మడమలు తన్నిపెట్టి వెనక్కి వాలాడు. మలుపు చివర, గట్టుకి ఆనుకుని ఆగాం.

కాసేపు ముగ్గురం ఊపిరి పీల్చుకోవడమే సరిపోయింది. దేవత రాయి ముందు పచ్చి కొమ్మలు కుప్పగా పడి ఉన్నాయి. మా ముగ్గురి వంతూ, నాయనమ్మ వంతూ, రేపటి వంతూ కూడా అయ్యే వేసినట్టున్నాడు.

"ఎక్కడన్నా ఆగి నడిపించుకోవాల గదే!" అని అమ్మని కసిరాడు అయ్య.

"ఇక్కడినుంచి నడిపిస్తాను. నువ్వు ఇంటికెల్లు."

"ఎల్లను." అయ్య వంగి ముందు చక్రం పట్టుకుని, తడి రిమ్ముని తన పంచెతో తుడిచాడు. చుట్టూ, తిప్పి తిప్పి. పాక వెనక పడేశాక ఆ సైకిల్ని అయ్య ముట్టుకోవడం ఆ పొద్దుటే మొదలు. తర్వాత వెనక చక్రం తుడిచాడు. తర్వాత నావైపు చూసి, "బేగి పదండి, గంట కొట్టేత్తారు" అన్నాడు.

ఆ తర్వాత అయ్య ఎన్నడూ సైకిలెక్కలేదు. కానీ ఆదివారం వచ్చిందంటే దాని పక్కనే ఉండేవాడు. బ్రేకు రబ్బర్లు అరిగాయో లేదో గోటితో చూసేవాడు. మంచు కురిసే నెలల్లో రాతి మలుపు దగ్గర ఎండుగుడ్డతో నిలబడి ఉండేవాడు. అక్కడ దిగి నడిపించుకుంటూ వెళ్ళేవాళ్ళం. అమ్మా అయ్యా ఆ కాసేపూ ఏవేవో మాట్లాడుకునేవారు, వాళ్ళు ఇంట్లో అంతగా మాట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు. నేను పదో తరగతి దాటాను. మధ్యలో ఎప్పుడో నాకూ తొక్కడం వచ్చింది, అమ్మని వెనక కూర్చోబెట్టుకుని కూడా వెళ్ళాను. టీచరునయ్యాను, రిటైరయ్యాను. నాయనమ్మ, అయ్య, అమ్మ, ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. మా ఊరు కూడా రోడ్డు పక్కకి దిగివచ్చింది. పైన ఇప్పుడు కాఫీ చెట్లే ఉన్నాయి.

వాటన్నిటిలో ఒక్క సాయంకాలం మాత్రం నాకు పదే పదే కలలోకి వస్తుంది.

ఆ మొదటి ఏడాది చదువు పూర్తయి, వేసవి సెలవులిచ్చిన రోజులు. వారం పది రోజుల కిందట వాన పడి కాఫీ పూసింది. కొండంతా మల్లెపూలలాంటి వాసన. పనులన్నీ అయిపోయాయి, అమ్మ నీళ్ళు తెచ్చేసింది, కట్టెలు ఉన్నాయి. నన్ను బడికి దింపే పని కూడా లేదు. అమ్మ పెరట్లోకి వెళ్ళి కాసేపు ఊరికే నిలబడింది. తర్వాత సైకిల్ తీసింది. చైను తిప్పి విని, సీటు తుడిచి, ఎవరికీ చెప్పకుండా బండిబాట మీదికి నడిపించుకుంటూ వెళ్ళింది. నేను గడపలోంచి చూస్తున్నాను. ఎక్కింది. వాలు దిగి, కాఫీ తోటల మధ్య తెల్లటి పూలలోకి వెళ్ళి, కనబడకుండా పోయింది.

పొద్దు వాలేవేళకి తిరిగొచ్చింది. మొహం కడుక్కున్నట్టు మెరుస్తోంది. సిగలో ఒక కాఫీ రెమ్మ ఉంది.

"ఎక్కడికెల్లావే?" అంది నాయనమ్మ.

"ఎక్కడికీ నేదు."

"మరెందుకెల్లావు?"

అమ్మ సైకిల్ని గోడకి ఆనించింది.

"ఊరికే" అంది.

నాయనమ్మకి అది అర్థం కాలేదు. నాకూ అప్పుడు కాలేదు. నెత్తి మీద బిందె గానీ, చంకలో బిడ్డ గానీ, వీపున మోపు గానీ లేకుండా, ఏ పనీ పెట్టుకోకుండా మా అమ్మ ఇల్లు దాటి వెళ్ళడం నా చిన్నతనంలో నేను చూసింది ఆ ఒక్కసారే.